గిల్గమేష్ నుంచి గాథాసప్తశతి దాకా: ప్రాచీన సాహిత్యం చదవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పండితుణ్ణి కాను. గ్రీకు రాదు, లాటిన్ రాదు, సంస్కృతం బడిలో చదివినంతే. చేసే ఉద్యోగానికీ దీనికీ సంబంధం లేదు. అయినా చాలా ఏళ్ళుగా రాత్రి భోజనాలయ్యాక ఓ గంట ఈ పాత పుస్తకాలతో గడుపుతున్నాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అభిప్రాయాలు నావి, వాటితో మీరు నిక్షేపంగా పోట్లాడవచ్చు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

గిల్గమేష్‌తో మొదలుపెట్టండి. పేరు విన్నాం కదా అని చాలామంది గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్ తీసుకుంటారు, రెండో సర్గ దగ్గర ఆగిపోతారు. అక్కడ ట్రాయ్ మీదికి దండెత్తి వచ్చిన ఓడల జాబితా ఉంటుంది. 29 దళాలు, 1,186 ఓడలు, ఏ దళం ఏ ఊళ్ళ నుంచి వచ్చిందో, నాయకుడి తండ్రి ఎవరో, అన్నీ చెబుతాడు. భారతంలో దిగ్విజయ యాత్రల దగ్గర పేజీలు తిప్పేసినవాళ్ళకు ఈ బాధ తెలుసు.

గిల్గమేష్‌లో ఆ గొడవ లేదు. మొత్తం 12 మట్టి పలకల కథ. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రం టీ వేళకి అయిపోతుంది. మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్ ప్రాంతంలో, ఉరుక్ అనే నగరానికి రాజైన గిల్గమేష్ జనాన్ని పీడిస్తుంటే, వాడికి జోడీగా దేవతలు ఎంకిడు అనే అడవి మనిషిని పుట్టిస్తారు. ఇద్దరూ కలబడి కొట్టుకుంటారు, ప్రాణస్నేహితులైపోతారు. తర్వాత ఎంకిడు చచ్చిపోతాడు. శవం ముక్కులోంచి పురుగు రాలేదాకా గిల్గమేష్ అతన్ని పాతిపెట్టనివ్వడు. ఆ పురుగును చూశాకే చావు తనకూ ఉందని తెలిసొస్తుంది. ఇక లోకం అంచుదాకా తిరుగుతాడు, ప్రళయం నుంచి బయటపడ్డ ముసలాయన్ని కలుస్తాడు. యవ్వనం తిరిగి తెచ్చే మొక్క చేతికి దొరికితే, తాను స్నానానికి దిగిన కాసేపట్లో దాన్ని పాము ఎత్తుకుపోతుంది. ఉత్తచేతులతో ఊరికి వచ్చి, వెంట వచ్చిన పడవవాడికి తన ఊరి కోటగోడ చూపిస్తాడు. 11వ పలక అక్కడితో ఆగుతుంది. 12వది అనుబంధం లాంటిది, అది వదిలేసినా నష్టం లేదు.

తర్వాత ఏం చదవాలి?

ఒడిస్సీ. అదీ హోమర్‌దే, ట్రాయ్ యుద్ధం అయ్యాక ఒడిస్సియస్ అనే వీరుడు ఇల్లు చేరే కథ. ఆ తర్వాత సోఫోక్లిస్ నాటకం ఒకటి, ఆంటిగనీ అయినా ఈడిపస్ రాజు అయినా సరే. రెండు గంటల్లో అయిపోతుంది, రెండు రోజులు నిద్రపట్టదు. మధ్యమధ్యలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను ముక్కలు ముక్కలుగా చదవండి. ఇలియడ్‌ను చివరికి ఉంచుకోండి.

చివరికి ఎందుకంటే, అది మనం అనుకునే కథ కాదు. చెక్క గుర్రం అందులో లేదు, అకిలీస్ మడమ లేదు, ట్రాయ్ తగలబడటం లేదు. పదేళ్ళ యుద్ధంలో చివరి ఏడాది, యాభై రోజుల చిల్లర మాత్రమే. ఒక మనిషికి కోపం రావడంతో మొదలై, శత్రువు అంత్యక్రియలతో ముగుస్తుంది. చివరి సర్గలో ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ రాత్రివేళ గ్రీకు వీరుడు అకిలీస్ గుడారానికి వెళ్ళి, తన కొడుకులను చంపిన చేతులనే ముద్దు పెట్టుకుని, కొడుకు హెక్టర్ శవాన్ని ఇమ్మని బతిమాలతాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఆ పేజీల బరువు తెలియాలంటే ముందు 23 సర్గల చావులన్నీ చూసి ఉండాలి. దానికి కాస్త ఓపిక అలవాటై ఉండాలి.

పేర్లు గుర్తుండటం లేదు. ఎవరు ఎవరో తెలియక టెన్షన్ వస్తోంది. ఏం చేయను?

ఈ విషయంలో తెలుగువాళ్ళు మిగతావాళ్ళకంటే అదృష్టవంతులు. ఇంగ్లీషు నవలలకు అలవాటుపడ్డ పాఠకుడికి ఒకే మనిషిని నాలుగు పేర్లతో పిలిస్తే గాభరా. మనకు పార్థుడు, కిరీటి, సవ్యసాచి, ఫల్గుణుడు అంటే నలుగురు కాదని చిన్నప్పుడే తెలుసు. హోమర్‌లో కూడా అంతే. అకియన్లు, అర్గైవులు, డానయన్లు ముగ్గురూ గ్రీకులే. ‘ఆత్రియస్ కొడుకు’ అంటే గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్, లేదా అతని తమ్ముడు. మనం కౌంతేయుడు అంటే ఏ కొడుకో సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం కదా, అదే పద్ధతి.

‘వేగపాదాల అకిలీస్’, ‘గులాబి వేళ్ళ ఉషస్సు’ అని వచ్చిన మాటే వస్తుంటే విసుగు పడకండి. 1930లలో మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ యుగొస్లావియా వెళ్ళి, చదువురాని గాయకులు వేల పాదాల కథలను పాడుతూ ఉంటే రికార్డు చేశాడు. పాడేవాడికి తర్వాతి పాదం ఆలోచించుకోవడానికి, ఛందస్సు నింపడానికి ఈ సిద్ధంగా ఉన్న మాటలే ఊతమని అక్కడ తేలింది. బుర్రకథలో ‘తందానా’ దగ్గర కథకుడు ఊపిరి తీసుకోవడం చూసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. అందుకే హోమర్‌ను కళ్ళతో కంటే చెవులతో చదవడం మేలంటాను. పైకి చదవండి, లేదా ఆడియో పెట్టుకోండి.

పేర్ల కోసం మాత్రం ఒక అట్టముక్క బుక్‌మార్క్‌గా పెట్టుకుని, ఎదురైన పేరు, వాడు ఎవరి పక్షమో రాసుకోండి. పది పేర్లు దాటాక దాని అవసరం తగ్గిపోతుంది.

ఏ అనువాదం కొనాలి?

అనువాదకుడి పేరు లేని పుస్తకం మాత్రం కొనకండి. నేను ఒకసారి తక్కువ ధరకు వస్తోందని ఆన్‌లైన్‌లో ఇలియడ్ తెప్పించాను. అట్ట బాగుంది. లోపల ఎవరు అనువదించారో లేదు, పాదాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో లేదు, స్కాన్ చేసిన అక్షరాలు సగం తప్పులు. పచారీ సామాన్ల పక్కన పెట్టేశాను.

ఒడిస్సీ మొదటి పాదంలోనే కథానాయకుడికి ‘పొలుట్రొపోస్’ అనే విశేషణం ఉంది. ‘పలు మలుపులవాడు’ అని స్థూలంగా అర్థం. మలుపులు అతని ప్రయాణానివా, బుద్ధివా? రాబర్ట్ ఫేగల్స్ 1996లో మలుపులూ మెలికలూ ఉన్న మనిషి అన్నాడు. ఎమిలీ విల్సన్ 2017లో సూటిగా ‘చిక్కైన మనిషి’ అనేసింది. ఒడిస్సీ మొత్తాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ప్రచురించిన మొదటి మహిళ ఆవిడే. మూలంలో ఎన్ని పాదాలున్నాయో అన్నే పాదాల్లో సరిపెట్టింది. మొదటిసారి చదివేవాళ్ళకు నేను ఆవిడ పుస్తకమే చెబుతాను. గంభీరమైన చప్పుడు కావాలంటే ఫేగల్స్. వచనం చాలనుకుంటే ఇ.వి. రియూ చేసినది. పెంగ్విన్ క్లాసిక్స్ వరసలో మొట్టమొదట, 1946లో వచ్చిన పుస్తకం అదే.

తెలుగులో దొరకవా?

మీలో చాలామంది హోమర్‌ను తెలుగులో చదివే ఉంటారు, తెలియకుండా. చందమామలో సీరియల్‌గా వచ్చిన ‘రూపధరుని యాత్రలు’ ఒడిస్సీయే. ‘భువనసుందరి’ హెలెన్ కథ, అంటే ఇలియడ్. ఆ రోజుల్లో పిల్లలు ఒంటికన్ను రాక్షసుడి బొమ్మ చూసి జడుసుకున్నారు తప్ప గ్రీకు సాహిత్యం చదువుతున్నామని అనుకోలేదు.

ఇందాక చెప్పిన ‘పొలుట్రొపోస్’ దగ్గరికి మళ్ళీ రండి. ఇంగ్లీషువాళ్ళు తలలు పట్టుకున్న ఆ మాటకు చందమామవాళ్ళు నాయకుడి పేరే జవాబుగా పెట్టేశారు: రూపధరుడు. బిచ్చగాడి వేషంలో సొంత ఇంటికే వచ్చే మనిషికి ఇంతకంటే పేరేముంటుంది? నా దృష్టిలో ఆ పేరు ఒక మంచి అనువాద నిర్ణయం. అయితే అవి పిల్లలకు కుదించిన కథలని గుర్తుంచుకోండి. వాటితో రుచి తగులుతుంది, కడుపు నిండదు.

డబ్బు పెట్టకుండా చదవడం కుదురుతుందా?

కుదురుతుంది. కాపీరైటు కాలం తీరిన అనువాదాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉన్నాయి, వాటిని చదివి వినిపించే స్వచ్ఛంద ఆడియోలు లిబ్రివాక్స్‌లో ఉన్నాయి. ఒక చిన్న హెచ్చరిక. హోమర్‌కు అక్కడ బాగా ప్రచారంలో ఉన్న శామ్యూల్ బట్లర్ అనువాదంలో దేవుళ్ళకు గ్రీకు పేర్లు కాక రోమన్ పేర్లుంటాయి. జ్యూస్ అక్కడ జోవ్, అథీనా మినర్వా, ఒడిస్సియస్ యులిసిస్. మార్చుకుంటూ చదవాలి.

ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు ఉండే లోయబ్ గ్రంథమాల 1912 నుంచి వస్తోంది. గ్రీకుకు ఆకుపచ్చ అట్ట, లాటిన్‌కు ఎర్ర అట్ట. పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అదే పద్ధతిలో మన దేశపు భాషల కోసం మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో మొదలైంది. తొలి విడత పుస్తకాల్లోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర ఉంది, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లీషు. పెద్దన ప్రాచీనుడు కాడు, పదహారో శతాబ్దం వాడు. అయినా విదేశాల్లో పెరిగి తెలుగు కూడబలుక్కునే పిల్లలకు ఇవ్వదగ్గ పుస్తకం.

చచ్చిపోయిన భాషల అనువాదం సరైందని ఎలా నమ్మాలి?

ఈ అనుమానం 1850లలోనూ వచ్చింది. మేకుల్లాంటి గీతలున్న క్యూనిఫాం లిపిని చదివేశామని కొందరు అంటుంటే, ఊహించి రాస్తున్నారని మిగతావాళ్ళు నవ్వారు. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒక పరీక్ష పెట్టింది. అస్సీరియా రాజు తిగ్లత్-పిలెసర్ శాసనం ఒకటి రాలిన్‌సన్, హింక్స్, టాల్బట్, ఓపర్ట్ అనే నలుగురి చేతికి వెళ్ళింది. ఒకరికొకరు చూపించుకోకుండా అనువదించి, సీలు వేసిన కవర్లలో పంపారు. విప్పి చూస్తే ముఖ్యమైన విషయాల్లో నాలుగూ కలిశాయి. ఇంటర్ పరీక్షల్లో కూడా ఇంత కట్టుదిట్టం ఉండదేమో!

అక్కడి నుంచి పదిహేనేళ్ళకు అసలు అద్భుతం. జార్జ్ స్మిత్ అనేవాడు పెద్ద చదువులు చదివినవాడు కాదు. నోట్లు అచ్చువేసే చోట చెక్కుడు పని నేర్చుకున్న కుర్రాడు. మధ్యాహ్న భోజన విరామంలో బ్రిటిష్ మ్యూజియంకు పరిగెత్తి మట్టి పలకలు చూసేవాడు. చూసీ చూసీ చదవడం వచ్చేసింది, మ్యూజియం వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. 1872లో, అస్సీరియా రాజధాని నినెవే నుంచి వచ్చిన ఒక పలకలో ఓడ కొండ మీద ఆగడం, పక్షిని వదలడం, అది వాలే చోటు లేక తిరిగి రావడం చదివాడు. బైబిల్లోని ప్రళయం కథ! ఉద్వేగం పట్టలేక గదిలో పరుగులు పెడుతూ ఒంటి మీది బట్టలు తీసేయడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. అదే గిల్గమేష్ 11వ పలక. ఒక పత్రిక డబ్బిస్తే నినెవే వెళ్ళి మరిన్ని ముక్కలు తెచ్చాడు. 1876లో, మళ్ళీ అటు వెళ్ళినప్పుడు, 36 ఏళ్ళకే జబ్బుచేసి అలెప్పోలో చనిపోయాడు.

ఇన్నేళ్ళయినా గిల్గమేష్‌లో ఖాళీలు ఉన్నాయి. మంచి అనువాదంలో చుక్కలు, బ్రాకెట్లు కనిపిస్తే విసుక్కోకండి. విరిగిన చోట విరిగిందని చెప్పే అనువాదకుడే నమ్మదగినవాడు.

ప్రాచీనులు రాసినదాంట్లో ఎంత మిగిలింది?

కొద్దిగా. సోఫోక్లిస్ 120కి పైగా నాటకాలు రాస్తే మనకు దక్కినవి 7. ఈస్కిలస్‌వీ 7. రోమన్ చరిత్రకారుడు లివీ 142 సంపుటాలు రాస్తే 35 ఉన్నాయి. కవయిత్రి శాఫో కవితలను అలెగ్జాండ్రియాలో 9 సంపుటాలుగా కూర్చారు, పూర్తిగా మిగిలిన కవిత ఒక్కటే.

ఏవి మిగిలాయన్నది కూడా ప్రతిభను బట్టి జరగలేదు. బడిలో పాఠంగా పెట్టినవి ఎక్కువ కాపీలు రాశారు, అవి బతికాయి. యూరిపిడిస్ విషయంలో అయితే లాటరీ. అతని నాటకాలను అక్షరక్రమంలో అమర్చిన సంపుటాల్లో మధ్య భాగం ఒకటి ఎలాగో దక్కింది. అందుకే గ్రీకు వర్ణమాలలో ఎప్సిలాన్ నుంచి కాపా దాకా అక్షరాలతో మొదలయ్యే నాటకాలు గుత్తగా ఉన్నాయి. మన బీరువాలో ‘చ’ నుంచి ‘ప’ దాకా పుస్తకాలు మిగిలి, మిగతావన్నీ వరదలో పోయినట్టు.

మనకూ ఈ దుఃఖం కొత్త కాదు. ‘నూనూఁగుమీసాల నూత్న యౌవనమున శాలివాహన సప్తశతి నొడివితి’ అని శ్రీనాథుడు కాశీఖండంలో చెప్పుకున్నాడు. శాలివాహన సప్తశతి అంటే గాథాసప్తశతే, ప్రాకృత గాథల సంకలనం. శ్రీనాథుడు చేసిన ఆ అనువాదం ఇప్పుడు లేదు. శ్రీనాథుడి చేతిలో పడ్డ గాథలు తెలుగులో ఎలా మోగేవో ఊహించుకోవడమే.

ఇంకా వెనక్కి వెళ్తే గుణాఢ్యుడి బృహత్కథ. పైశాచీ ప్రాకృతంలో రాసిన ఆ పుస్తకమూ లేదు, దాని ఆధారంగా 11వ శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరం ఉంది. బృహత్కథ ఎలా పోయిందో ఆ పుస్తకమే ఒక కథ చెబుతుంది. సాతవాహన రాజు పిశాచ భాషలో రాసిందని ఈసడించి తిప్పి పంపితే, గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో ఆకు జంతువులకు చదివి వినిపించి మంటలో వేస్తాడు. మృగాలు మేత మానేసి కన్నీళ్ళతో వింటాయి. అక్కడ రాజుగారి వంటశాలలో మాంసం ఎండుగా వస్తోందని ఫిర్యాదు. ఎందుకని ఆరా తీసి రాజు పరిగెత్తుకొచ్చేసరికి ఏడు లక్షల శ్లోకాల్లో మిగిలింది లక్ష. పుస్తకం విలువ రాజుకు వంటగది ద్వారా తెలియడం నాకు ఎన్నిసార్లు చదివినా నవ్వు, ఏడుపు కలిపి తెప్పిస్తుంది.

కొత్తవి ఇప్పటికీ దొరుకుతున్నాయా?

చెత్తకుప్పల్లో, బూడిదలో దొరుకుతున్నాయి. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే ఊరి పాత చెత్తదిబ్బలను గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు 1896 చివర తవ్వడం మొదలుపెట్టారు. వాన పడని నేల కాబట్టి కాగితంలాంటి పపైరస్ చివకలేదు. లక్షల ముక్కలు తెచ్చారు, వాటిని చదివి అచ్చువేసే పని నేటికీ సాగుతోంది. శాఫో పంక్తుల పక్కనే పన్ను రసీదులు, పెళ్ళి పిలుపులు. అందులోనే ఒక గ్రీకు ప్రహసనం ఉంది. ఖరీతియన్ అనే గ్రీకు యువతి భారతదేశపు తీరంలో ఒక రాజు చెరలో చిక్కుకుంటుంది. రాజూ పరివారమూ ఏదో అర్థంకాని భాష మాట్లాడతారు. అది కన్నడమని కొందరు పండితులు వాదించారు, ఉత్త గాలిమాటలని మరికొందరు కొట్టిపారేశారు.

బూడిద సంగతి ఇంకా విచిత్రం. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియంలోని ఒక భవనంలో వందల పుస్తకపు చుట్టలు బొగ్గయిపోయాయి. విప్పితే పొడి. 2023లో వాటిని విప్పకుండానే ఎక్స్-రే స్కాన్ తీసి, కంప్యూటర్‌తో సిరా జాడ పట్టే పోటీ పెట్టారు. ఒక విద్యార్థి బయటపెట్టిన మొదటి మాట ‘పొర్ఫురాస్’, అంటే ఊదారంగు. రెండు వేల ఏళ్ళ తర్వాత మూసి ఉన్న పుస్తకంలోంచి ఒక రంగు బయటికి వచ్చింది.

హెరొడోటస్ అబద్ధాలకోరు అంటారు. చదవడం దండగేనా?

భారతదేశంలో నక్కకంటే పెద్ద చీమలు బంగారం తవ్వుతాయని రాసిన మాట నిజమే. దాని వెంటే, అక్కడ చెట్లకు ఉన్ని కాస్తుంది, ఆ జనం దాంతో బట్టలు నేసుకుంటారని కూడా రాశాడు. అది మన పత్తి! ఆ రెండూ ఒకే మనిషి ఒకే రకం మొహం పెట్టుకుని చెప్పాడని గుర్తుంచుకుంటే ఆయన్ని ఎలా చదవాలో తెలుస్తుంది. ‘ఇలా అంటారు, నేను నమ్మను’ అని ఆయనే చాలాచోట్ల అంటాడు.

మూడో సంపుటంలో ఒక చిన్న సంగతి కోసమైనా ఆయన్ని చదవాలి. పారశీక చక్రవర్తి డరియస్ గ్రీకులను పిలిచి, ఎంత డబ్బిస్తే మీ తండ్రుల శవాలను తింటారని అడిగాడు. ఎంతిచ్చినా తినమన్నారు. తర్వాత, చనిపోయిన తల్లిదండ్రులను తినే ఆచారమున్న భారతీయ తెగవాళ్ళను పిలిచి, ఎంతిస్తే మీవాళ్ళను కాలుస్తారని అడిగాడు. వాళ్ళు అలాంటి పాపపు మాట అనవద్దని కేకలు పెట్టారు. ఆచారమే అందరికీ రాజు అంటూ ఆ కథ ముగిస్తాడు హెరొడోటస్.

కొనేటట్టయితే మ్యాపులున్న ప్రతి కొనండి. ఏ నది ఎక్కడో తెలియకపోతే ఆయన కబుర్లు సగం వృథా.

మన పురాణాలతో ఇన్ని పోలికలేమిటి? ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు?

మొదటి ప్రశ్న ఆనందంగా అడగండి. రెండో ప్రశ్న దగ్గర తొందరపడకండి. ఒడిస్సియస్ ఎవరూ ఎక్కుపెట్టలేని విల్లు ఎక్కుపెట్టి 12 గొడ్డళ్ళ గుండా బాణం వేస్తాడు. వెంటనే ద్రౌపదీ స్వయంవరం గుర్తుకొస్తుంది. దానికి వివరణలు చాలా ఉండొచ్చు. భాషల విషయంలో మాత్రం చుట్టరికం రుజువైంది. ఇలియడ్‌లో అకిలీస్ నోట వచ్చే ‘క్లెయోస్ అఫ్థితోన్’, రుగ్వేదంలోని ‘శ్రవః అక్షితమ్’ మాటకు మాట సరిపోతాయి. తరగని కీర్తి అని అర్థం. ఆ చుట్టరికం సంస్కృతానికీ గ్రీకుకూ. మన తెలుగు ద్రావిడ కుటుంబం, ఆ పెళ్ళికి మనం ఆహ్వానితులం మాత్రమే. ‘అంతా ఇక్కడి నుంచే పోయింది’ అనేవాళ్ళూ, ‘అంతా అక్కడి నుంచే వచ్చింది’ అనేవాళ్ళూ సాధారణంగా రెండు పుస్తకాల్లో ఒకటి చదవని వాళ్ళే.

పోలికకంటే తేడా ఎక్కువ చెబుతుంది. ఒడిస్సియస్ ఇరవై ఏళ్ళకు బిచ్చగాడి వేషంలో ఇంటికొచ్చినప్పుడు, పేడకుప్ప మీద పడున్న ముసలి కుక్క ఆర్గోస్ ఒక్కటే గుర్తుపట్టి తోక ఆడించి ప్రాణం విడుస్తుంది. గుట్టు బయటపడుతుందని అతను దగ్గరికి కూడా వెళ్ళలేడు, కన్నీరు తుడుచుకుంటాడు. ఈ కథ మా అమ్మమ్మకు చెబితే అంతా విని, ‘‘మరి దాన్ని లోపలికి తీసుకెళ్ళలేదట్రా?’’ అంది. ‘‘లేదమ్మమ్మా, దాటి వెళ్ళిపోయాడు’’ అన్నాను. ‘‘మన ధర్మరాజే నయం. కుక్కను వదిలి స్వర్గానికి కూడా రానన్నాడు’’ అని అటు తిరిగి పడుకుంది. హోమర్ మీద నేను విన్న విమర్శల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ పుస్తకాల్లో తెలుగు నేల గురించి ఏమైనా ఉందా?

ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈజిప్టులో ఉండే పేరు తెలియని గ్రీకు వర్తకుడు ఒకడు ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అని రేవుల చిట్టా రాశాడు. 66 చిన్న ఖండికలు, ఎక్కడ ఏం కొనాలి, ఎక్కడ ఏం అమ్ముడుపోతుంది, ఏ నెలలో ఓడ కదపాలి. అందులో తూర్పు తీరాన మసాలియా అనే ప్రాంతంలో సన్నని నూలుబట్టలు విపరీతంగా తయారవుతాయని ఉంది. అది కృష్ణా తీరమని, మచిలీపట్నం పరిసరాలని చరిత్రకారుల మాట. తర్వాతి శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న ‘కంటకొస్సుల’ను ఘంటసాలగా గుర్తించారు.

రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రుల గురించి లెక్కలే ఇచ్చాడు: గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. ఆ అంకెలు మెగస్తనీస్ నుంచి తీసుకున్నవై ఉంటాయని పండితుల అంచనా. మెగస్తనీస్ రాసిన ఇండికా కూడా పోయిన పుస్తకమే, ఇతరులు ఎత్తి రాసుకున్న ముక్కలే ఉన్నాయి.

గాథాసప్తశతి ఎందుకు చదవాలి?

ఎందుకంటే అందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. అత్తాకోడళ్ళు, పొలం కాపలాలు, దొంగచూపులు, గోదావరి ఒడ్డు పొదలు. సాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ఏడు వందల ప్రాకృత గాథలు, ఒక్కోటి రెండే పంక్తులు. ఒక బాటసారి దోసిలి పట్టి నీళ్ళు తాగుతూ, పోసే అమ్మాయిని చూడటం కోసం వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారనిస్తాడు. ఆమె కూడా ధారను సన్నం చేస్తుంది. కథంతా అంతే. ఇంకోదాంట్లో ఒకామె సాధువుకు చెబుతుంది: నిశ్చింతగా తిరుగు స్వామీ, నిన్ను హడలగొట్టే ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉన్న సింహం ఇవాళ చంపేసింది. ఆయన పూలకోసం రోజూ ఆ పొదల వైపు వస్తున్నాడు, అవి ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు! చెప్పిన మాటకూ అసలు మాటకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని చూపించడానికి కశ్మీరులో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ గాథనే ఎత్తుకున్నాడు. తెలుగులో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ చేసిన అనువాదం ఉంది. రోజుకు రెండు గాథలు చాలు. ఇరవై ఒకేసారి చదివితే మొహం మొత్తుతుంది.

ఫోన్లో రోజూ మార్కస్ ఆరీలియస్ సూక్తులు వస్తున్నాయి. నిజంగా ఆయనవేనా?

చాలావరకు కాదు. ఏ సంపుటం, ఎన్నో ఖండిక అని లేకపోతే నమ్మకండి. ఆయన అసలు పుస్తకం, రోమన్ చక్రవర్తి అయినా, తన కోసం తాను గ్రీకులో రాసుకున్న 12 చిన్న సంపుటాలు. మొదటిది మొత్తం తాత దగ్గర ఏం నేర్చుకున్నాను, అమ్మ దగ్గర ఏం నేర్చుకున్నాను అనే పట్టిక.

పిల్లలకు ఇవ్వవచ్చా?

పూర్తి మూలాలు వద్దు. గిల్గమేష్ మొదటి పలకలోనే పెద్దలకు మాత్రమే అనదగ్గ ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు ఉన్నాయి. కథలుగా మీరే చెప్పండి.

వీటిని కళ్ళతో చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

లండన్‌లో ఉన్నవాళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో స్మిత్ చదివిన ప్రళయం పలక చూడవచ్చు. అదే భవనంలో మన అమరావతి స్తూపపు శిల్పాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది.

కానీ నన్నడిగితే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్ళండి. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. అదే రాజు అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో గ్రీకులో, అరమాయిక్‌లో చెక్కించిన శాసనం 1958లో బయటపడింది. అక్కడ ‘ధర్మం’ అనే మాటకు గ్రీకులో ‘యూసెబెయా’ అని రాశారు, దైవభక్తి లాంటి మాట. అలెగ్జాండర్ వచ్చి వెళ్ళిన నూరేళ్ళలోపే మన మాట ఒకటి హోమర్ భాషలోకి వెళ్ళి కూర్చుంది. ఆ అనువాదం మీకు తృప్తిగా ఉందో లేదో ఎర్రగుడి బండ ముందు నిలబడి ఆలోచించండి. పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు రాతి మీది గీతలు బాగా తేలతాయి. నీళ్ళ సీసా, టోపీ మరిచిపోవద్దు.